పాలమూరులో హీబ్రూ దరువు

కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరినవాళ్ళు ఎవరైనా నన్ను చూడవస్తే, కాసేపు కూర్చున్నాక తప్పకుండా ఒక మాట అడుగుతారు. సార్, మీరు ఏ సబ్జెక్టు చెప్పేవారు అని. హీబ్రూ అంటాను. పెద్దాయన సరదా మనిషి అనుకుని నవ్వుతారు. మళ్ళీ అడుగుతారు. మళ్ళీ హీబ్రూ అంటాను. అప్పుడు నా వయసు గుర్తొచ్చి మా ఆవిడ వైపు జాలిగా చూస్తారు. ఆవిడ వంటింట్లోంచి, "నిజమే బిడ్డా, పాలమూరులనే చెప్పిండు" అని సాక్ష్యం చెబితే గానీ నమ్మరు.

మీరూ నమ్మకపోతే తప్పు పట్టను. కానీ క్లాసులో పిల్లలు ముఖాలు వేలాడేశారని, మీరెంత చెప్పినా వాళ్ళకు ఎక్కడం లేదని దిగులుపడేవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ సంగతి వినండి. 

మహబూబ్‌నగర్ ఊరి చివర, రాళ్ళ గుట్ట పక్కన, పల్లె సంఘాలకు పాస్టర్లను తయారుచేసే చిన్న బడి ఒకటి ఉండేది. పొడుగాటి పెంకుటిల్లు, వెనక వంటశాల, ముందర ఒక గేటు. గేటు దాటితే పేట. విద్యార్థులంటే పిల్లలు కారు. పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళు. పగలు కూలికి పోయి, సాయంత్రాలు తమ వాడలో ప్రార్థన చెప్పే మనుషులు. వాళ్ళను ఉపదేశులు అనేవాళ్ళం. ఉపదేశి ప్రార్థన చేయవచ్చు, వాక్యం చెప్పవచ్చు. బాప్తిస్మం ఇవ్వకూడదు, పెళ్ళి చేయకూడదు, ప్రభువు రొట్టె పంచకూడదు. వాటికి పట్టం పొందిన పాస్టరే కావాలి. పాస్టరు కావాలంటే చివరి పరీక్షలో హీబ్రూ గట్టెక్కాలి. ఈ నియమం పెట్టిన పెద్దలు ఏ దేశంలో కూర్చుని పెట్టారో గానీ, అచ్చంపేట ఎండలో తిరిగి మాత్రం పెట్టలేదు.

హీబ్రూ మన పరిశుద్ధ గ్రంథంలో పాత భాగం రాసిన భాష. దాన్ని ఇంటి భాషగా మాట్లాడేవాళ్ళు సముద్రాల అవతల ఉన్నారు. పాలమూరులో ఆ భాషలో గ్లాసెడు మంచినీళ్ళు అడిగే అవసరం ఎవరికీ ఎన్నడూ రాలేదు. నన్ను మా సంఘంవాళ్ళు బెంగళూరు పంపి అది నేర్పించారు. నల్లగొండ జిల్లాలో దొర పొలంలో నాట్లు వేసిన తల్లి కొడుకును నేను. నాకే వచ్చినప్పుడు ఇంకెవరికైనా వస్తుందన్నది నా నమ్మకం. ఎవరు ఏ అనుమానం అడిగినా "అయితది" అనేవాణ్ణి. దాంతో నాకు అయితది సారు అని పేరు పెట్టారు. వెనకాల అనుకున్నారనుకునేరు, ముఖం మీదే పిలిచేవాళ్ళు.

నాకు సరిజోడు మా తెలుగు పంతులు. భువనగిరి దిక్కు నేత కుటుంబం ఆయనది. హిందువు. మా బడిలో తెలుగు వ్యాసం, వ్యాకరణం చెప్పడానికి జీతానికి వచ్చి, బడి ఆవరణలోనే ఒక గదిలో భార్యతో కాపురం ఉండేవాడు. నా క్లాసుకూ ఆయన క్లాసుకూ నడుమ ఉన్నది ఒక తడక. నేను చెప్పిన ప్రతి ముక్కా ఆయన చెవిలో పడేది. ఆయన నిట్టూర్పు ప్రతిదీ నా చెవిలో పడేది. నేను అయితది అన్న ప్రతిసారీ తడక అవతలినుంచి "నాకైతే నమ్మకం లేదు" అని వినిపించేది. చిన్నప్పుడు మగ్గం గుంటలో కూర్చుని తొక్కుడు కర్రలు తొక్కిన మనిషి కాబట్టి ఆయన కాళ్ళు ఎప్పుడూ ఊరికే ఉండేవి కావు. కుర్చీలో కూర్చున్నా కింద ఏదో నేస్తున్నట్టే ఆడుతుండేవి.

ఆ ఏడు నా క్లాసులో ఆరుగురు. మొదటి నెల మహా హుషారు. నిజాం కాలంలో ఎంతో కొంత ఉర్దూ చదువుకున్నవాళ్ళు కాబట్టి కుడినుంచి ఎడమకు చదవడం వాళ్ళకు వింత కాలేదు. మనం సలాం అంటే వాళ్ళు షాలోమ్ అంటారు, మన ఆద్మీ వాళ్ళ ఆదాము, ఫికర్ చేయకండి, సగం భాష మీ ఇంట్లోనే ఉంది అని ఊదరగొట్టాను. రెండో నెలలో క్రియలు మొదలయ్యాయి. మిగతా సగం భాష ఎవరింట్లోనూ లేదని తెలిసిపోయింది. అక్షరాల కింద నువ్వులు చల్లినట్టు చుక్కలు. ఒక చుక్క అటు జరిగితే చేసినవాడు చేయించినవాడైపోతాడు. అర్ధసంవత్సర పరీక్షలో ఆరుగురూ తప్పారు. ఎవరికీ అసూయ లేకుండా అందరూ కలిసే తప్పారు.

ప్రిన్సిపాల్‌గారు గుంటూరు వైపు పెద్దమనిషి. నన్ను పిలిచి, పై పెద్దలు విసిగిపోయారని, ఏడాది చివర బయటినుంచి వచ్చే పరీక్షాధికారి ముందు కూడా ఇలాగే అయితే ఇక్కడ హీబ్రూ ఎత్తేస్తారని, ఆ తర్వాత ఈ బడినుంచి ఉపదేశులే తప్ప పాస్టర్లు రారని చెప్పారు. నేను అలవాటుగా అయితదండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చాలాసేపు చూశారు.

మర్నాడు పొద్దున అచ్చంపేట ఆయన ట్రంకుపెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడన్నారు. ఆయనే ఆరుగురిలో పెద్ద. నాకన్నా వయసులో పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలిచేవాణ్ణి. అడవి అంచున వాళ్ళ వాడ. వాగు పొంగితే అక్కడికి పాస్టరు పోలేడు, ఎండాకాలం వాగు ఎండితే పాస్టరుకు ఎండదెబ్బ భయం. ఆయన తమ్ముడి పెళ్ళి అప్పటికి రెండుసార్లు అన్నీ సిద్ధమై, పాస్టరు రాక ఆగిపోయింది. పిల్ల తండ్రి ఇక ఒక్క ఏడాదే చూస్తానన్నాడట. తానే పాస్టరై వచ్చి పెళ్ళి చేస్తానని వాడంతటికీ మాటిచ్చి వచ్చిన మనిషి ఇప్పుడు పెట్టె పట్టుకుని బస్టాండుకు పోయాడు.

సైకిలెక్కి పోయాను. బస్సు ఇంకా రాలేదు. పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. చాయ్ ఇప్పించాను. సగం తాగి గ్లాసు పక్కన పెట్టాడు.

"నా బుర్రల నిలుస్తలేదు సార్. పొద్దుగాల పెట్టింది మాపటికి ఉంటలేదు. మీరు అయితదంటరు, నేనూ అయితదనుకుంట. ఎన్నొద్దులని అనుకోవాలె?"

ఇంతలో బజారులోంచి డప్పుల చప్పుడు వచ్చింది. ఆయన తల ఎత్తకుండానే, పిల్లగాని వాళ్ళకు ఎదురు పోతున్నరు సార్, పెండ్లి అన్నాడు. ఎట్లా తెలుసన్నాను. ఎదురుకోళ్ళ దరువు వేరు, తలంబ్రాల దరువు వేరు, బోనాల దరువు వేరట. మాట్లాడుతూనే ఆయన వేళ్ళు ట్రంకు మూత మీద ఆ దరువు పట్టుకున్నాయి. ఇన్ని ఎట్లా గుర్తుపెట్టుకున్నావని అడిగాను.

"గుర్తుపెట్టుకునుడేంది సార్. చేతులల్ల ఉన్నయి."

"అయితే హీబ్రూను గూడ చేతులల్లకే పోనిద్దాం అన్నా. బుర్ర సంగతి తర్వాత చూద్దాం."

ఆయన నవ్వలేదు. ఉపదేశి అయిన రోజు నుంచి డప్పు ముట్టలేదు. అందుకు కారణం ఉంది. ఊళ్ళో మావాళ్ళు డప్పు తాము కొట్టాలనుకున్నప్పుడు కొట్టింది కాదు. దొర కబురు పెడితే కొట్టింది, చావుకు పిలిస్తే అన్నం వదిలి పోయి కొట్టింది, వెట్టికి కొట్టింది. మా తాత కూడా కొట్టాడు. మేం నాలుగక్షరాలు నేర్చుకున్నవాళ్ళం ఆ సంగతి ఎవరికీ చెప్పేవాళ్ళం కాదు. ఆ బస్టాండులో ఆ మనిషి వేళ్ళు చూస్తుంటే నాకు సిగ్గనిపించింది, డప్పుకు కాదు, ఇన్నాళ్ళూ దాచినందుకు.

ఆయన బస్సెక్కాడు. కానీ వారం తిరగకుండా తిరిగొచ్చాడు, గొంగడిలో చుట్టిన డప్పుతో.

పరీక్షకు పెట్టిన పాఠాల్లో ఒక కీర్తన ఉంది. ప్రతి చరణం చివరా ఒకే మాట, ఆయన కృప నిరంతరముండును అన్నది, తిరిగి వస్తుంది. ఆయన చరణం చెబితే మిగతా ఐదుగురూ ఆ మాట అందుకోవాలి. సాయంత్రం వంటశాల వెనక గడ్డి మంట వేసి డప్పు కాచేవాళ్ళు. వంటమనిషి గొణిగేవాడు గానీ గడ్డి ఇచ్చేవాడు. క్రియల పట్టీలకు బోనాల దరువు చక్కగా కుదిరింది. చేసెను, చేయించెను, చేయబడెను, ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క రూపం. నెలకు రాని మాటలు వారంలో వచ్చాయి. ఆ కీర్తన మాత్రం లొంగలేదు. పెళ్ళి దరువు వేస్తే నాలుకలు తడబడుతున్నాయి. బోనాల దరువుకు ఊపిరి అందడం లేదు. చివరికి ఆయన ఒక నిదానమైన దరువు పట్టాడు. చరణం దానిలో కొలిచి పోసినట్టు కూర్చుంది. 

అది అయ్యాక ఆయన కొంచెం ఇబ్బందిగా, సార్, ఇది పీనుగు లేసేటప్పటి దరువు అన్నాడు. ఆరుగురిలో ఇంకొకడు, కొత్తకోట ఆయన, హీబ్రూకు గా సంగతి తెల్వదులే అన్నాడు. అందరికీ అది న్యాయంగానే తోచింది.

ఆ దరువు పట్టాక మూడో సాయంత్రం. అందరం కళ్ళు మూసుకుని మంచి ఊపులో ఉన్నాం. గేటు దగ్గర ఏడుపు వినిపించింది. పాఠం అంత కరుణగా కుదిరిందా అని ఒక్క క్షణం పొంగిపోయాను కూడా. చూస్తే పేట పేటంతా గేటులో ఉంది. మగవాళ్ళు తలకు తువ్వాళ్ళు చుట్టుకుని వచ్చారు. ఒకాయన భుజాన గొడ్డలితో వచ్చి కట్టెలు ఎక్కడ కొట్టాలని అడుగుతున్నాడు. అందరికన్నా ముందు, మా బడికి సీతాఫలాలు అమ్మే అవ్వ గుండె బాదుకుంటోంది. ప్రిన్సిపాల్‌గారికి రెండు రోజులుగా జ్వరమని పేటలో తెలుసు. మిగతాది వాళ్ళే ఊహించుకున్నారు.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్‌గారు భుజాన తుండుగుడ్డతో వసారాలోకి వచ్చారు. అవ్వ ఏడుపు ఆపి ఆయన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు గిట్ల నిలబడితే, మరి పోయిందెవలు?"

ఆ మాటలో ఆయన బతికి ఉన్నందుకు సంతోషం కన్నా తన ఏడుపు దండుగైన కోపమే ఎక్కువుంది. జనమంతా వెళ్ళాక ప్రిన్సిపాల్‌గారు నా వైపు తిరిగారు.

"ఇది బడా, వల్లకాడా అండీ? ఇకమీదట ఆ డప్పు నా చెవిన పడిందంటే వాయించినవాడు పరీక్షకు కూర్చోడు."

అచ్చంపేట ఆయన డప్పును మళ్ళీ గొంగడిలో చుట్టాడు. ప్రార్థనకు గంట కొడితే ఇంతమంది రారు సార్ అని మాత్రం అన్నాడు. ఆనాటినుంచి వాళ్ళు తొడల మీద, చాపల మీద, పళ్ళేల మీద వేళ్ళతో కొట్టుకుంటూ చదివారు. తడక అవతల పంతులు, ఇక అయినట్టేనని, నమ్మకం ఎప్పుడూ లేదని, ఇప్పుడు అసలే లేదని ప్రకటించాడు.

పరీక్ష రోజు వాన. పరీక్షాధికారి మద్రాసు వైపు మనిషి. సన్నగా, గొడుగులాగే ముడుచుకుని ఉన్నాడు. పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి నన్ను లోపలికి రానివ్వలేదు. ఆయనకు తెలుగు అంతంతమాత్రం. అందుకని విద్యార్థులు చెప్పే తెలుగు అర్థం సరైనదో కాదో చెప్పడానికి మా తెలుగు పంతుల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేను వసారాలో కిటికీ పక్కన నిలబడ్డాను. జల్లు నా వీపు మీద పడుతోంది, జరగబుద్ధి కాలేదు.

మొదట కొత్తకోట ఆయన వెళ్ళాడు. బయటికి వచ్చినప్పుడు ముఖం పాలిపోయి ఉంది. వేళ్ళు ఆడిస్తుంటే పరీక్షాధికారి ఏదో సైగ అనుకుని, చేతులు రెండూ బల్ల మీద ఆనించి కదలకుండా పెట్టమన్నాడట. సగం చదివి సగం మింగాడు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ అదే ఆజ్ఞ. ఒకరికి మించి ఒకరు తడబడ్డారు. నా జీవితంలో నోటినుంచి అయితది అనే మాట రాని గంట అదొక్కటే.

చివరగా అచ్చంపేట ఆయన. లోపలికి పోయి రెండు చేతులూ బల్ల మీద పరిచాడు. పరీక్షాధికారి ఆ కీర్తనే తీసి ముందు పెట్టాడు. మనిషి పుస్తకం వైపు చూస్తున్నాడు. పెదవి కదలడం లేదు. చేతుల నరాలు పొంగి ఉన్నాయి. కిటికీ అవతల నేను మనసులో చరణం అందిస్తున్నాను, ఏం లాభం. వాన తప్ప ఏ చప్పుడూ లేదు.

అప్పుడు ఇంకో చప్పుడు వినిపించింది. బల్ల కింద పంతులు కాలు చెప్పులోంచి సగం బయటికి వచ్చి ఉంది. మడమ బండ మీద, వేళ్ళు చెప్పు మీద. నిదానంగా, ఒక్క దెబ్బ తప్పకుండా, పీనుగు లేచేటప్పటి దరువు. తడక అవతల కూర్చుని నెలల తరబడి విన్న దరువు. ఆయన ముఖం మాత్రం ఎప్పటిలాగే, లోకంలో ఏదీ బాగుపడదన్నట్టు కిటికీ బయటికి చూస్తోంది.

అచ్చంపేట ఆయన గొంతు విప్పాడు. మొదటి చరణం మెల్లగా, రెండోది నిలకడగా. తర్వాత ఆగలేదు. మధ్యలో పరీక్షాధికారి ఆపి, ఫలానా మాటకు మూలధాతువేమిటన్నాడు. ఈయన కళ్ళు మూసుకుని క్రియల పట్టీ మొదటినుంచి గొణుక్కుంటూ ఆ రూపం దాకా వచ్చి జవాబు చెప్పాడు. ఇంకోటి అడిగాడు. మళ్ళీ మొదటినుంచి గొణుక్కుని వచ్చి చెప్పాడు. ముందెన్నడూ చూడని వాక్యాలు రెండిస్తే తడుముకుంటూ చదివి, ఒకటి సరిగా, ఒకటి కాస్త వంకరగా అర్థం చెప్పాడు. పరీక్షాధికారికి ఓపిక ఉంది, అది చెప్పుకోవాలి. చివర్లో పంతులు వైపు తిరిగి మీ కాలికేమైనా బాధా అని ఇంగ్లీషులో అడిగాడు.

పంతులు ఏమాత్రం తొణకకుండా, "వాతం సార్. వాన పడితే గిట్లనే కొట్టుకుంటది" అన్నాడు.

మిగతా ఐదుగురినీ మళ్ళీ ఒక్కసారి పిలిపించమని ఆయనే మనవి చేసుకున్నాడట. వాళ్ళు భయపడ్డారు, ఇంకో అవకాశం ఇవ్వండి అన్నాడట. వాన ఎటూ తగ్గలేదు, పరీక్షాధికారి పోవలసిన బస్సూ రాలేదు. పంతులు వాతం కూడా తగ్గలేదు. ఆరుగురిలో ఐదుగురు గట్టెక్కారు.

సాయంత్రం నేను ఆయన గదికి పోయి, ఏం పంతులూ, నమ్మకం లేదంటివి కదా అన్నాను.

"ఇప్పటికీ లేదు సారూ. నా కాలికి ఉన్నట్టుంది, దాన్నడుగుండ్రి."

ఆరు నెలల్లో అచ్చంపేట ఆయన పట్టం పొంది తన వాడకు పోయాడు. మొదటి పెళ్ళి తమ్ముడిదే. నేనూ, పంతులూ వాగు దాటి పోయి భోంచేసి వచ్చాం. దారంతా పంతులు ఆ వాగు మళ్ళీ దాటగలమన్న నమ్మకం తనకు లేదంటూనే ఉన్నాడు. మరుసటి ఏడు కొత్త క్లాసు మొదలైనప్పుడు ప్రిన్సిపాల్‌గారు నన్ను పిలిచి, ఎటో చూస్తూ, శనివారాలు మాత్రం ఆ డప్పు సంగతి చూసుకోండి అన్నారు. ఒక డప్పు బడికే కొన్నాం. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ కీర్తన ఆ దరువు మీదే నడిచింది. పేటవాళ్ళు అలవాటు పడ్డారు. గేటులోంచి చావు దరువు వినిపిస్తే, సార్లు పాఠం పెట్టిండ్రు అనుకుని ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళు.

కొన్నేళ్ళు అట్లా గడిచాయి. పంతులుకు కడుపులో జబ్బు చేసింది. హైదరాబాదు పెద్ద దవాఖానలో చూపించి తిరిగి తీసుకొచ్చాం. మంచం పక్కన కూర్చుని, తగ్గుతది పంతులూ అన్నాను. ఆయన నవ్వాడు. నాకైతే నమ్మకం లేదు సారూ అన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన మాట నిజమైంది ఆ ఒక్కసారే.

కబురు తెలిసి అచ్చంపేట పాస్టరు పొద్దున బస్సుకే వచ్చాడు. నా పాత విద్యార్థులు ఇంకొందరు వచ్చారు. పంతులు చుట్టాలు తమ ఆచారం ప్రకారం శవం ముందు వాయించడానికి డప్పులవాళ్ళను మాట్లాడారు. పాస్టరు పోయి అందులో ఒకరి డప్పు అడిగి తీసుకున్నాడు. తెల్లంగీ తొడుక్కున్న పాస్టరు, హిందువుల శవం ముందు డప్పు మెడలో వేసుకుంటే చూసేవాళ్ళేమంటారోనని నేను చెయ్యి పట్టుకున్నాను.

"ఆనాడు నాకు కాలు ఇచ్చిండు సార్. ఇయ్యాల నేను చేతులు ఇయ్యకుంటే ఎట్ల?"

ప్రిన్సిపాల్‌గారు వసారాలో నిలబడి చూశారు. చెప్పులు విడిచి కిందికి దిగారు.

దరువు మొదలైంది. కాసేపటికి గమనించాను. గేటు దగ్గర ఒక్క మనిషి లేడు. పంతులు బతికున్నన్నాళ్ళూ పలకరించిన పేట, ఆయన ఉత్తరాలు రాసిపెట్టిన పేట, ఒక్కరూ రాలేదు. నాకు ముందు కోపం వచ్చింది. తర్వాత సంగతి అర్థమై గబగబా గేటు దాటి పోయాను.

సీతాఫలాల అవ్వ గడప ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి నవ్వింది.

"శనివారం గాదు గద సారూ, ఇయ్యాల గూడ పాఠం పెట్టిండ్రా?"

"ఇయ్యాల పాఠం గాదవ్వా" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. దరువు వైపు చెవి పెట్టి వింది. తెలుగు పంతులా అని అడిగింది. తల ఊపాను. కొంగుతో చేతులు తుడుచుకుని లేచి, ఇల్లిల్లూ పిలుచుకుంటూ నడిచింది. పేట పేటంతా కదిలింది. ఈసారి గొడ్డలి భుజాన వేసుకున్న మనిషి కట్టెలు ఎక్కడ కొట్టాలని ఎవరినీ అడగలేదు.

గుట్ట పక్కనుంచి పోతున్నప్పుడు, దరువు ఆ నిదానానికి వచ్చేసరికి, వెనక నడుస్తున్న నా పాత విద్యార్థుల పెదవులు వాటంతటవే కదిలాయి. ప్రతి చరణం చివర వచ్చే ఆ మాట ఒకరు అన్నారు. తర్వాత అందరూ అందుకున్నారు. మొదటినుంచి చివరిదాకా, పుస్తకం లేకుండా, ఒక్క చుక్క తప్పు పోకుండా చదివారు. పంతులు వింటే నమ్మేవాడు కాదు.